ఇంజన్ దిమ్మె మీద టీ గ్లాసు

మా ఐస్ ఫ్యాక్టరీ ఇంజన్ మేస్త్రీ చనిపోయి ఇవాళ్టికి పదిహేను రోజులు. ఆయన పోయిన మాట నాకు మైపాడు బస్సులో కండక్టరు చెప్పాడు. పక్క సీటాయన "మీ కింద పనిచేసినాయనే గదా సార్" అన్నాడు. తలూపాను. ఆయన దగ్గర పని నేర్చుకున్నది నేనని చెప్పాల్సింది.

నయాపైసలు వచ్చిన కొత్తల్లో మా యజమాని మద్రాసు రేవులో, పాత ఓడలోంచి దించిన ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్ కొన్నారు. బయటికి పోయే పొగతోనే తిరిగి లోపలికి గాలి నెట్టే టర్బో కూడా దానికి ఉంది. దాన్ని ఎరిగిన మేస్త్రీ దానితోపాటే వచ్చారు. ఆయన మీద ఇంజనీరుగా, డిప్లొమా కాగితం పట్టుకుని నేను వచ్చాను.

సిలిండర్ల సెగ చూపే మీటర్లు ఆరున్నాయి. మేస్త్రీ మాత్రం ముందు టీ గ్లాసు, ఇంజన్ను బిగించిన సిమెంటు దిమ్మె మీద పెట్టేవారు. టీలో వలయాలు సమంగా వస్తే తాగేవారు. రాకపోతే టీ మానేసి, ఒక్కో సిలిండరుకు డీజిల్ క్షణంపాటు ఆపి చెవి ఒగ్గేవారు. "అందరూ అరుస్తానే ఉంటారు సార్. ఒకర్ని ఆపి చూస్తే గదా ఎవురు మోస్తుండారో తెలిసేది" అనేవారు. నేను నవ్వేవాణ్ణి. మా ఇద్దరిలో మోయనిదెవరో ఆయనకు అప్పటికే తెలుసేమో.

ఒక వేసవిలో మూడో సిలిండరు మీటరు ముల్లు మిగతా అయిదింటినీ దాటి పైకెక్కింది.

"డీజిల్ చిమ్మే నాజిల్ కారతా ఉండాది సార్. ఒక పూట ఆపితే మార్చేస్తా" అన్నారు మేస్త్రీ.

మర్నాడు యజమాని మద్రాసు నుంచి భాగస్తులను తెస్తున్నారు. వాళ్ల ముందు ఇంజన్ ఆగి ఉంటే నా పరువు పోతుందనుకున్నాను. పంపు దగ్గర మర తిప్పి మూడోదానికి డీజిల్ తగ్గించాను. ఆరు ముళ్లూ ఒకే గీత మీదికి వచ్చాయి.

"జొరం చూసే గొట్టాన్ని చన్నీళ్లలో ముంచినట్టుండాది. జొరం అట్నే ఉండాది గదా సార్."

"చదువుకున్నది నువ్వా, నేనా?" అన్నాను. ఆయనది మా నాన్న వయసు.

భాగస్తులు నా భుజం తట్టి వెళ్లారు. నాలుగో రోజు మూడో పిస్టన్ పట్టేసి ఇంజన్ ఆగిపోయింది. కారిన డీజిల్ సిలిండరు గోడ మీది ఆయిల్‌ను కడిగేసింది. వారంపాటు ఐస్ లేదు. పడవలవాళ్లు తెచ్చిన వంజరం చేపలన్నీ ఉప్పు పట్టించి ఎండేసుకున్నారు.

"ఆ మర ఎవురు ముట్టినారు?" అని యజమాని అడిగారు. నేను నా చెప్పుల వంక చూశాను. మేస్త్రీ నా వంక చూశారు, ఒక్కసారే. "ఇంజను నా చేతికింద ఉండాది. నేనే చూసుకోవాల్సింది" అన్నారు. రిజిస్టరులో "మేస్త్రీ అజాగ్రత్త" అని రాసింది నేను.

ఆయన్ను ఐస్ దిమ్మలు లాగే పనిలో వేశారు. మంచాన పడేదాకా ఎనిమిదేళ్లు లాగారు. పొద్దున్నే ఇంజన్ గది గడప దగ్గర నిలబడి టీ తాగేవారు, లోపలికి మాత్రం వచ్చేవారు కాదు. "మూడోది అలిగుండాది, చూడండి సార్" అనేవారు. చూస్తే నిజమే. ఈ ఇంజన్ గురించి నాకు తెలిసిందంతా ఆ గడప అవతలి నుంచి ఆయన నేర్పిందే. ఆయన గొంతులో ఎత్తిపొడుపు కోసం ఎంతో వెతికాను. దొరికి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

కర్మ నాడు వాళ్లింటికి వెళ్లి, ఆ మర తిప్పింది నేనని ఆయన భార్యకు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలుసు సామీ. ఆ దినమే చెప్పినాడు. సారు చిన్నోడు, ఎప్పుడో ఒగరోజు ఆయనే చెప్తాడులే అన్నాడు. ఆ గడపకాడ టీకి అందుకే పోతా ఉండేవాడు."

నిన్న పాత రిజిస్టరులో మేస్త్రీ అన్న మాట కొట్టేసి నా పేరు రాశాను. యజమాని చూసి "ఇప్పుడెందుకయ్యా?" అన్నారు. సిరా ఆరేదాకా రిజిస్టరు తెరిచే ఉంచాను.

ఇవాళ పొద్దున టీ తెప్పించి ఇంజన్ దిమ్మె మీద పెట్టాను. వలయాలు సమంగా వచ్చాయి. తాగలేకపోయాను. గడప వైపు చూస్తూ కూర్చున్నాను. టీ చల్లారి మీగడ కట్టింది. ఆ మీగడ కింద టీ ఇంకా వణుకుతూనే ఉంది.