రొయ్యల చెరువు మీద వేలాడిన డిస్కు

కంప్యూటర్ అన్నాక ఎప్పుడో ఒకప్పుడు పాడవుతుంది. నేను చెయ్యి వేస్తే మాత్రం అదొక్కటే పాడై ఊరుకోదు. ఆ ఆదివారం మా పిన్ని పరువు, బాబాయిగారి రొయ్యల చెరువు, చుట్టాలంతా వచ్చిన ప్రార్థన కూడిక, అన్నీ కలిపి ముంచబోయాను. చెబుతాను, నవ్వుకోండి. మావాళ్ళు పదిహేనేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు, కొత్తగా మీరొచ్చి చేరితే నాకు పోయేదేమీ లేదు.

అప్పటికి నేను అమలాపురంలో మూడు నెలల కంప్యూటర్ కోర్సు పూర్తి చేశాను. సర్టిఫికెట్‌కి లామినేషన్ కూడా చేయించాను. దాన్నిబట్టి నా రోగం ఎంత ముదిరిందో మీరే ఊహించుకోండి. మా పిన్ని అల్లవరం దగ్గర ఓ ఊళ్ళో టీచరు. వాళ్ళింటి కంప్యూటర్లో మా అమ్మమ్మ పాడిన పాట ఉంది. ఆవిడ పోవడానికి ముందు సంవత్సరం నేనే మైకు పెట్టి రికార్డు చేశాను. అమ్మమ్మ గొంతు మాకు మిగిలింది ఆ ఒక్క పాటలోనే. ఆ ఆదివారం సాయంత్రం అమ్మమ్మ జ్ఞాపకార్థ కూడిక. అందరి మధ్యా ఆ పాట పెట్టాలని పిన్ని ఆశ.

పొద్దున్నే పిన్ని ఫోన్ చేసింది.

"ఒరే బాబీ, కంప్యూటర్లోంచి సౌండు రావట్లేదురా. నిన్న బల్ల తుడుద్దామని వైర్లన్నీ పీకి మళ్ళీ పెట్టేను. ఓసారొచ్చి చూడవా?"

రోగి దగ్గరికి డాక్టరు వెళ్ళినట్టు సంచీ తగిలించుకుని వెళ్ళాను. రెండుసార్లు మౌస్ నొక్కి, పెదవి విరిచాను.

"సిస్టమే పోయింది పిన్నీ. మొత్తం తీసేసి కొత్తగా వెయ్యాలి."

"వైర్లేమైనా తేడాగా పెట్టేనేమోరా?"

"ఇది వైర్ల సంగతి కాదు పిన్నీ. నీకు తెలీదు."

"మరి అమ్మ పాట?"

"వేరే డ్రైవులో భద్రంగా ఉంది. నన్ను నమ్ము."

నమ్మింది, పిచ్చితల్లి. తనూ బాబాయిగారూ చర్చికి వెళ్ళిపోయారు. నన్ను ఆపడానికి ఇంట్లో ఇక ఎవరూ లేరు.

నా దగ్గరున్నది స్నేహితుడి డిస్కు. దాంతో ఆపరేటింగ్ సిస్టమ్ సుబ్బరంగా ఎక్కింది. ఎక్కాక చూస్తే తెరమీద ఒక్కో అక్షరం గుమ్మడికాయంత ఉంది. నెట్ లేదు. సౌండు సరేసరి. ఈ కంప్యూటరుకి కావలసిన డ్రైవర్లు ఆ డిస్కులో లేవు మరి. డ్రైవర్లంటే ఒక్కో భాగంతో పని చేయించే చిన్న ప్రోగ్రాములు. అవి లేకపోతే కంప్యూటరుకి తనకో నోరుందనే సంగతే తెలియదు. నెట్‌లోంచి దింపుకుందామంటే, నెట్ రావడానికీ డ్రైవరే కావాలి. నెట్ సెంటరుకి పరిగెత్తాను. తాళం! దాని ఓనరూ చర్చిలోనే ఉన్నాడు, మా బాబాయిగారి పక్కన.

వాళ్ళు తిరిగొచ్చేసరికి నా చొక్కా తడిసి ముద్దయింది.

"అయ్యిందా బాబీ?"

"సగం అయ్యింది పిన్నీ. పాట ఉంది. వినపడదంతే."

పిన్ని మొహం పాలిపోయింది. "కంప్యూటర్ కొన్నప్పుడు దాంతో ఓ డిస్కు ఇచ్చేరు కదరా, అందులో ఉండవూ?" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. "అదే, అదే! ఎక్కడుంది?"

పిన్ని బాబాయిగారి వైపు చూసింది. బాబాయిగారు నా వైపు చూశారు. ఆయన కోపం వచ్చినా గొంతు పెంచరు.

"మొన్న వేసవిలో నువ్వే కదా బాబూ, ఈ డిస్కులన్నీ పాతబడిపోయేయి, చెరువుకి కట్టుకోండి అని సంచీడు ఇచ్చేవు. కట్టేసేను."

మా వైపు రొయ్యల చెరువు మీద తాళ్ళు లాగి పాత డిస్కులు వేలాడదీస్తారు. ఎండకి అవి తళతళలాడుతుంటే రొయ్యలు తినడానికి కొంగలు దిగవు. బాబాయిగారితో చెరువు గట్టుకెళ్ళి చూస్తే తాళ్ళ నిండా డిస్కులే, అన్నీ ఒక్కలాగే మెరుస్తున్నాయి. తాళ్ళన్నీ గట్టుమీదికి లాగి ఒక్కొక్కటీ తిప్పి చూడడం మొదలుపెట్టాను. ఇంతలో అవతలి గట్టుమీద తెల్లగా నాలుగు కొంగలు వాలాయి.

"కాస్త తొందరగా బాబూ, చూస్తన్నాయి."

"ఆయ్, చూస్తున్నానండీ."

"నువ్వు కాదు, అయ్యి చూస్తన్నాయి!"

చర్చి బట్టలు కూడా మార్చుకోని మనిషి, తువ్వాలు ఊపుకుంటూ "హో! హో!" అని గట్టంతా పరిగెత్తారు. చివరి తాడు మీద దొరికింది మా డిస్కు. కొంగలు దానికి భయపడ్డాయో లేదో గానీ, దానిమీద తమ అభిప్రాయం మాత్రం వేసి వెళ్ళాయి. సబ్బుపెట్టి కడిగి, పిన్ని పాత చీరతో తుడిచి పెడితే, గరగరమంటూ తిరిగింది. పనిచేసింది కూడా! అక్షరాలు చిక్కిపోయాయి. నెట్ వచ్చింది. తెర మూల స్పీకరు బొమ్మ వెలిసింది. పాట నొక్కాను.

చప్పుడు లేదు.

అప్పటికే కుర్చీలు వేసేశారు. చుట్టాలు, పాస్టరుగారు వచ్చి కూర్చున్నారు. పిన్ని "పోనీలేరా, మనమే పాడుకుందాం" అని పమిట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. చెంప పగలగొట్టినా అంత బాధ ఉండేది కాదు. సిగ్గుతో తల దించుకున్నాను.

బాబాయిగారు నెమ్మదిగా వంగి కంప్యూటర్ వెనక్కి చూశారు.

"తెలీక అడుగుతాను బాబూ. ఈ స్పీకరు వైరు పచ్చ పిన్ను గులాబీరంగు కన్నంలో ఉందేంటి? పక్కన పచ్చ కన్నం ఖాళీగానే ఉంది కదా?"

పీకి అందులో గుచ్చారు. పిన్ని ఎప్పుడూ రికార్డింగులో మొదటి ముక్క దాటించి పాట దగ్గర్నుంచే పెట్టేది. నేను కంగారులో మొదట్నుంచీ నొక్కాను. గది నిండా అమ్మమ్మ గొంతు.

"ఒరే బాబీ, ముందు ఆ వైరు సరిగ్గా గుచ్చేవో లేదో చూడరా! ఇందాకా ఇలాగే ఊరికే పాడించేవు."

పాస్టరుగారితో సహా అందరూ పొట్టలు పట్టుకున్నారు. పిన్ని ఏడుస్తూనే నవ్వింది. ఆ నవ్వుల వెనకే అమ్మమ్మ పాట మొదలైంది. అంత తిట్టు తిన్నా ఆ గొంతు విని నాకు కడుపు నిండిపోయింది.

అందరూ ప్రార్థనకి కళ్ళు మూసుకున్నప్పుడు నేను గంభీరంగా తీర్మానం చేసుకున్నాను: ఇకమీదట ఏ కంప్యూటర్ మూగబోయినా, వంగి దాని వెనక చూసే వరకు నోరు విప్పను. తాళ్ళకి కట్టమని ఎవరికీ డిస్కులు ఇవ్వను.

రెండో మాటకి మర్నాడే పరీక్ష ఎదురైంది. బాబాయిగారు కాఫీ గ్లాసుతో వచ్చి మర్యాదగా అడిగారు.

"బాబూ, ఆ డిస్కు మీ పిన్ని బీరువాలో పెట్టేసింది. తాడు మీద ఓ చోటు ఖాళీ. మరి ఆ లామినేషన్ సర్టిఫికెట్ ఎండకి మెరుస్తాదా?"

అది డిస్కు కాదు కదా! ఇచ్చేశాను.