బొండం కేసు

2023 ఎండాకాలం. పలాసలో నేను డయాలసిస్ టెక్నీషియన్‌గా చేరి మూడేళ్లు కావస్తోంది. కిడ్నీలు చేయాల్సిన పనిని నాలుగు గంటల పాటు మెషిన్ చేస్తుంది, ఆ మెషిన్‌ని మేం చూసుకుంటాం. ఉద్యోగం అంతే. మిగతా ఊళ్లలో దీన్ని విడమర్చి చెప్పాలేమో. ఇంటికో కిడ్నీ రోగి ఉన్న ఉద్దానంలో అక్కర్లేదు. ఇక్కడ బస్టాండులో కలిసినవాళ్లు భోజనం అయిందా అని అడిగాక, కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎంత వచ్చింది అని అడుగుతారు.

ఆ మార్చిలో నాలుగో నంబరు పడక మీదికి కొత్త పేషెంటు వచ్చారు. ఫైలు మీద కూర్మారావు అని ఉంది. తలెత్తి చూస్తే మా డ్రిల్లు మాస్టారు.

పూండి దగ్గర మా హైస్కూల్లో ముప్పై ఏళ్లు కబడ్డీ నేర్పారాయన. నాకు మాత్రం నేర్పలేకపోయారు. కూతకి వెళ్లిన ప్రతిసారీ నవ్వొచ్చి ఊపిరి వదిలేసేవాణ్ని. చివరికి స్కోరు చెప్పే పనిలో పెట్టారు. ఇంటర్ తర్వాత ఏం చేయాలో తెలియక తిరుగుతుంటే, ఈ కోర్సు అప్లికేషన్ తెచ్చి, పక్కన కూర్చుని నింపించింది కూడా ఆయనే. రిటైరయ్యాక ఆయన పని ఇంకా పెరిగింది. పాత విద్యార్థి ఎవరు ఆర్మీ ర్యాలీకి వెళ్లినా గేటు బయట అరటిపళ్లతో ఉండేవారు. ఎవరి కాలు విరిగినా ఆసుపత్రిలో ఉండేవారు. ఎవరింట్లో బారసాల అయినా ముందు వరసలో ఉండేవారు.

చేతిలో రెండు రక్తనాళాలను కలిపి కుట్టి, సూదికి వీలుగా లావు చేసిన చోటుని ఫిస్టులా అంటారు. ఆయన ఫిస్టులాలో మొదటి సూది గుచ్చే ముందు దూదితో అదే చోటు మూడుసార్లు తుడిచాను.

“ఏటిరా ఢిల్లీ, ఆలోసిత్తన్నావు? నాను నిన్ను కొట్టినప్పుడు ఆలోసించానేటి?” అన్నారు.

నా పూర్తి పేరు ఢిల్లేశ్వరరావు. ఢిల్లీ ఎప్పుడూ చూడలేదు. సూది మాత్రం దిగింది.

సోమ, బుధ, శుక్రవారాలు ఆయన వంతు. వచ్చిన వెంటనే తూకం చూస్తాం. ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండే బరువుని డ్రై వెయిట్ అంటారు. దానికి ఎంత ఎక్కువుంటే అంత నీరు తియ్యాలి. జిల్లా పోటీలకి ముందు బరువు తగ్గమని మమ్మల్ని రెండు చొక్కాలేసి పరిగెత్తించిన మనిషి, ఇప్పుడు వాచీ, పెన్ను, చివరికి జేబు రుమాలు కూడా తీసి నా చేతిలో పెట్టి కాటా ఎక్కేవారు.

ఏప్రిల్‌లో ఒక రక్తపరీక్షలో పొటాషియం బాగా ఎక్కువొచ్చింది. పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. అది రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. చాలాసార్లు నొప్పి ఉండదు, ముందస్తు నోటీసు ఉండదు. ఏం తిన్నారని అడిగాను. తినలేదు, తాగారు. ఆ ఆదివారం ముగ్గురు శిష్యుల ఇళ్లకి వెళ్లారు, మూడు కొబ్బరి బొండాలు.

మా వైపు ఇంటికొచ్చిన మనిషికి ముందు బొండం కొడతారు. పైగా కిడ్నీకి బొండం చలవ అని ఊరందరి నమ్మకం. ఆయనకి జబ్బని తెలిశాక శిష్యులు ఇంకా లేతవి ఏరి మరీ కొడుతున్నారు. మామూలు మనిషికి అది చలవే. డయాలసిస్ పేషెంటుకి ఒక్కో బొండం ఒక్కో పొటాషియం బుంగ.

ఇదంతా ఆయనకి వివరంగా చెప్పాను. బుద్ధిగా విన్నారు.

“ఆల సెట్టు కాయరా. ఒల్లనంటే సిన్నబోతారు. నాకు నోరు రాదు. నువ్వు సెప్పు ఆలకి,” అన్నారు.

అంటే ఆ బాధ్యత ఆయన నోటితోనే నాకు అప్పగించారు. ఆ సాయంత్రమే పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఇలా పెట్టాను: “ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, మన మాస్టారికి బొండం ఇచ్చినవారిపై హత్యాయత్నం కేసు పెట్టబడును. చెట్టు మొదటి ముద్దాయి, చెట్టు యజమాని రెండో ముద్దాయి.”

నా జీవితంలో అంత పేరు తెచ్చిన మెసేజ్ మరొకటి లేదు. నవ్వే బొమ్మలు ఆగకుండా వచ్చాయి. ఎవరో కొబ్బరిచెట్టుకి బేడీలు వేసిన ఫొటో తయారుచేసి పెట్టారు. మర్నాడు కూడా రెండుసార్లు తెరిచి చూసుకున్నాను. పని అయిపోయిందనుకున్నాను.

మే నెలలో ఒక ఆదివారం స్కూలు గ్రౌండులో పాత విద్యార్థుల కబడ్డీ పోటీ. నేను టెక్కలిలో మా అక్క కూతురి చెవులు కుట్టే ఫంక్షన్‌లో ఉన్నాను. శుక్రవారం డయాలసిస్ అయ్యాక మళ్లీ సోమవారం దాకా లేదు కాబట్టి, మా లెక్కలో ఆదివారం అన్నిటికన్నా ప్రమాదమైన రోజు. నాలుగింటికి గ్రూపులో ఫొటోలు వచ్చాయి. ఒక దాంట్లో మాస్టారు గీత పక్కన కుర్చీలో కూర్చుని బొండం తాగుతున్నారు. ఇంకో ఫొటోలో ఆయన చొక్కా తడిసి ఉంది, చేతిలో వేరే బొండం.

ఆ కాయలు దుర్యోధన తోటవి. మా జట్టు కెప్టెన్ వాడు, నాకు వరసకి బావ. ఐదేళ్ల కిందటి తుపానుకి వాడి తోట మొత్తం నేలకొరిగినప్పుడు, మాస్టారు పాత విద్యార్థులందరినీ పోగేసి, పడ్డ చెట్లు తీయించి, మొక్కలు నాటించారు. అవి ఆ ఎండాకాలమే మొదటిసారి కాశాయి. తొలి కాపు ఎవరికివ్వాలో దుర్యోధనకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. వద్దనడం మాస్టారి వల్ల అయ్యేదీ కాదు.

వాడికి ఫోన్ చేశాను. బొండాలు ఆపి, మాస్టారిని వెంటనే పలాస తీసుకురమ్మన్నాను. “ఏ సెక్షను కింద?” అని నవ్వి పెట్టేశాడు. మళ్లీ చేశాను. నిజం చెబుతున్నానన్నాను. నేను నిజం చెబుతున్నానంటే వాడు పక్కవాళ్లకి కూడా వినిపించాలని స్పీకర్ పెట్టాడు. అటు అందరూ నవ్వుతున్నారు. మూడోసారి నాకు ఏడుపొచ్చేసింది.

“ఏడుపు బాగా సేత్తన్నావు బావా,” అన్నాడు మెచ్చుకోలుగా.

ఫోన్ మాస్టారికి ఇమ్మన్నాను. ఇచ్చాడు.

“ఎన్ని తాగారు మాస్టారూ?”

“లెక్కెట్టలేదురా. కాళ్లు లేవట్లేదు,” అన్నారు.

అటువైపు నవ్వులు అప్పుడు ఆగాయి. మొదటి ఫోన్‌కీ దీనికీ మధ్య ఇరవై నిమిషాలు పోయాయి.

ఆదివారం యూనిట్‌కి సెలవు. డ్యూటీ డాక్టరుకి ఫోన్‌లో సంగతి చెప్పి, తాళాలు తెప్పించమని అడిగి, టెక్కలి నుంచి బండి మీద వచ్చాను. నేను మెషిన్‌కి గొట్టాలు ఎక్కిస్తుండగా దుర్యోధన ఆయన్ని రెండు చేతుల మీద ఎత్తుకుని తెచ్చాడు. ఈసీజీ చూడగానే డాక్టరు గుండె ఆగకుండా ఇంజెక్షన్ ఇచ్చారు. సూది పట్టుకుని ఫిస్టులా మీద చెయ్యి వేశాను. మామూలుగా అక్కడ రక్తం పరుగు వేళ్లకి సన్నటి దడలా తెలుస్తుంది. తెలుస్తూ తెలుస్తూ ఉండగానే ఆగిపోయింది. డాక్టరు నలభై నిమిషాలు ప్రయత్నించారు.

చివరి మాటలని చెప్పుకోదగ్గవి మాస్టారు ఏమీ అనలేదు. ఫ్యాను వెయ్యమన్నారు. అది తిరుగుతూనే ఉంది.

ఆ ఇరవై నిమిషాలు ముందొచ్చినా బతికేవారని చెప్పలేమని డాక్టరు అన్నారు. డాక్టర్లు అలాగే అంటారు. నేనూ పేషెంట్ల ఇళ్లవాళ్లతో అలాగే అంటాను.

మర్నాడు దహనం దగ్గర దుర్యోధన నాతో మాట్లాడలేదు. నామీద కోపమేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, నాకే తనమీద కోపమని వాడు అనుకున్నాడట. పన్నెండో రోజున మాస్టారి భార్య నన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. ఆవిడ గొంతులో నిందేమీ లేదు.

“కుర్రోలకి సెప్పమని నీకు సెప్పేనన్నారు. సెప్పలేదేటి నాయనా?”

“చెప్పాను అమ్మా,” అన్నాను. ఆ మెసేజ్ చూపిద్దామని ఫోన్ తీసి, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాను. ఆవిడ నా చెయ్యి నిమిరి, వంటింట్లోకి వెళ్లిపోయారు.

ఈ వృత్తిలో చేతి పనిని మెషిన్ చాలావరకు దిద్దుతుంది. గాలి బుడగ వచ్చినా, రక్తం పీడనం తగ్గినా గంట కొడుతుంది. నోటి పనికి అలాంటి గంట లేదు. బొండం సంగతి నాకు తెలుసు, చెప్పాల్సినవాళ్లు తెలుసు, చెప్పమని ఆయనే అన్నారు. అన్నీ ఉండి కూడా, నవ్విస్తే చాలు చెప్పేసినట్టేనని అనుకున్నాను. ఇప్పుడు ప్రతి కొత్త పేషెంటు ఇంటివాళ్లని ఎదురుగా కూర్చోబెట్టి ఒకే వాక్యం చెబుతాను. దాన్ని వాళ్ల నోటితో తిరిగి చెప్పించుకుంటాను. స్టాఫ్ రూములో నా జోకులు నాకున్నాయి. ఆ ఒక్క వాక్యం చెప్పేటప్పుడు మాత్రం ఉండవు.

పోయిన వారం సంతబొమ్మాళి వైపు నుంచి ఒక ముసలాయన మొదటిసారి వచ్చారు. కొడుకు చేతిసంచిలో రెండు బొండాలు. ఇది తాగితే మీ నాన్న గుండె ఆగిపోవచ్చు అన్నాను. అతను సగం నవ్వి, నేనూ నవ్వుతానేమోనని నా మొహం చూస్తూ నిలబడ్డాడు. నేను అలాగే చూస్తూ ఉన్నాను. అతని నవ్వు మెల్లగా పోయింది. సంచి బయట పెట్టి వచ్చి, నేను అన్న మాట తిరిగి నాకు చెప్పాడు.