శుభలేఖ గుచ్చిన కాగితం

ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఇన్నేళ్ళూ గొంతులో ముల్లులా ఉండిపోయింది, మింగలేకపోయాను, కక్కలేకపోయాను. నీకు చెబుతున్నాను. క్షమించమని కాదు, వింటే చాలు. ఒక మనిషి తాను మారలేదని నాతో చెప్పాడు. నేను "మారాడు" అని రాశాను.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం గొడవలతో కాలేజీలు మూతబడ్డాయి. అశోక్‌నగర్‌లో కిరాయి గదిలో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న నాకు మా సైకాలజీ మాస్టారు ఒక పని అప్పజెప్పారు. మగవాళ్ళ మీదే మనసుపడే మగవాళ్ళను చిక్కడపల్లిలో ఒక స్వామి మండల దీక్షతో మారుస్తాడని చెప్పుకునేవారు. అది నిజమా కాదా అన్నదే ఆయన పరిశోధన. దీక్ష ముగించినవాళ్ళను కలిసి ఫారాలు నింపడం నా వంతు. "మారాడా?" అనే గడికి మాస్టారిది ఒకటే సూత్రం: పెళ్ళి కుదిరితే మారినట్టే, ఫారానికి శుభలేఖ గుచ్చు. నాకూ సబబుగానే తోచింది. మన ఇళ్ళలో శుభలేఖ అచ్చయ్యాక ఇంకెవడు ఏం అడుగుతాడు? అసలు మారాల్సింది ఏముందని మాత్రం మాలో ఎవరికీ తట్టలేదు.

అలా దీక్ష ముగించినవాళ్ళలో రాజలింగం ఒకడు, నారాయణగూడలో ఒక ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాడు. తన శుభలేఖకూ తనే కూర్చుకున్నాడు. సిరా ఆరని ఒకటి నా చేతిలో పెట్టి, మిషన్ల చప్పుడు చాటున మెల్లగా చెప్పాడు.

"నేనేం మారలే అన్నా. అమ్మ ఏడుస్తున్నదని ఒప్పుకున్న. కాలేజోళ్ళు మారలేదని రాస్తే లగ్గం ఆపుత అన్నడు మా నాయిన. జర ఉన్నది ఉన్నట్టు రాయి. ఆ పిల్ల బతుకన్న దక్కుతది."

"రాస్తాను" అన్నాను.

రాయలేదు. ఎందుకు? మాస్టారంటే భయమా? అదే అయితే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి. ముందటి ఏడాది, ఊరెళుతున్నానని అందరికీ అబద్ధం చెప్పి, అదే స్వామి దగ్గర నేనూ దీక్ష పట్టాను. నేనూ అలాంటివాణ్ణే. దీక్ష విరమించాక కూడా నా కళ్ళు అటే పోయేవి, అయినా ఇంకొన్నాళ్ళు ఆగితే మారతానేమోనని ఒక పిచ్చి ఆశ. రాజలింగం మారలేదంటే నా ఆశా అయిపోయినట్టే కదా? ఒక్కడైనా మారినట్టు కాగితం మీద కనబడాలి నాకు. గడిలో "మారాడు" అని రాసి శుభలేఖ గుచ్చాను. పెద్ద పరిశోధకుణ్ణి మరి.

మాస్టారు ఆ ఫారం రాజలింగం తండ్రికి చదివి వినిపించారు. పెళ్ళయింది. నేనూ వెళ్ళాను, సిగ్గులేకుండా భోంచేశాను. రాజలింగం నన్ను చూసి, కడుపునిండా తిన్నావా అని మాత్రం అడిగాడు. తిట్టినా బాగుండేది.

ఏడాది తిరిగాక అతని భార్య నన్ను వెతుక్కుంటూ గదికి వచ్చింది. అతను ఇల్లు విడిచి వెళ్ళాడట, ప్రెస్సులోనూ లేడట. ఉన్నన్నాళ్ళూ తన ముఖం ఎందుకు చూడలేదో నాకేమైనా తెలుసా అని అడిగింది. తెలియదన్నాను. ఆమె మెట్లు దిగుతుంటే వెనక్కి పిలవాలనుకున్నాను. పిలవలేదు. రాజలింగం ఏమయ్యాడో ఈనాటికీ తెలియదు.

ఆ ఫారం నకలు నా దగ్గరే ఉంది. ఇవాళ "మారాడు" కొట్టేసి "మారలేదు" అని రాశాను. ఇప్పుడిది ఎవరికి పనికొస్తుంది? ఎవరికీ రాదు. కానీ రాశాక చెయ్యి తేలికైంది. దాని కిందే ఇంకో గడి గీసి, నా సంగతీ రాశాను. నేనూ మారలేదు.