మంచు ఎరగని సలహాదారు

నాకు తెలిసిన మంచంతా మా పాత ఫ్రిజ్ పై అరలో పేరుకునేదే. అలాంటి నేను ఐటీ బూమ్ రోజుల్లో దాదాపు ఏడాదిన్నర పాటు, అమెరికాలో మంచు కురిసే ఊళ్లవాళ్లకి తమ చిన్న ట్రాక్టరుకి ఏ స్నోబ్లోయర్ తగిలించుకోవాలో సలహా చెప్పే ఉద్యోగం చేశాను.

నా స్నేహితురాళ్లంతా మాదాపూర్ అద్దాల మేడల్లోకి వెళ్లిపోయారు. ఎం.ఏ. ఇంగ్లీషు చదివిన నాకు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర, ఒక బట్టల షాపు పైన, రెండో అంతస్తులో సీటు దొరికింది. అమెరికాలో ట్రాక్టర్ పనిముట్లు అమ్మే ఒక దుకాణానికి వచ్చే ఈమెయిళ్లకి మేం జవాబులు రాయాలి. వాళ్ల పగలంతా వచ్చినవి మేం పొద్దున్నే వచ్చి చూసేవాళ్లం. స్నోబ్లోయర్ అంటే నేలమీది మంచుని లోపలికి లాక్కుని, పైనున్న గొట్టంలోంచి దూరంగా విసిరే యంత్రమని మొదటివారం బొమ్మ చూసి తెలుసుకున్నాను. ఇంట్లో చెబితే అమ్మ, "అదేటే, మంచు ఊడవడానికీ ట్రాక్టరేనా? చీపురు చాలదేటి?" అంది. మా వాళ్లది విజయనగరం. అక్కడ మంచంటే ధనుర్మాసంలో పొద్దున్నే కురిసేది, ఎండెక్కితే పోయేది.

సలహా చెప్పడానికి నాకు ఒక ఫారం ఇచ్చారు. అందులో ఐదు గళ్లు. ట్రాక్టరు మోడలు, హార్స్‌పవర్, టైర్ల వెడల్పు, దారి పొడవు, ఎంత మంచు పడుతుంది. అవి నింపి, కేటలాగులో సరిపోయేది చూసి రాసేయడమే. నిజానికి చాలామందికి అంతే సరిపోయేది. ఒక్క పెద్దమనిషికి తప్ప.

ఆయన స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇక్కడ వినాయక నిమజ్జనం అయిన వారానికి మొదటి మెయిలు వచ్చింది. ఇంటినుంచి రోడ్డు వరకు కంకర దారి, మధ్యలో వంపు, వంపు దగ్గర చెట్లు, ఇలా మూడు పేజీలు. మెయిలు చివర ఒక ప్రశ్న. వెనక తగిలించేది మంచిదా, ముందు తగిలించేది మంచిదా? వెనకది గట్టిది, బిగించడం తేలిక, కానీ బండిని రివర్సులో నడపాలి. ముందుదానికి అదనపు ఫ్రేము కావాలి, కానీ ఎదురుగా చూస్తూ నడపొచ్చు. కేటలాగులో ఉన్నది ఉన్నట్టు రాసి, వెనకదే తీసుకోమన్నాను. ఆయన ఇంజను ఇరవై నాలుగు హార్స్‌పవర్ కాబట్టి ఆరడుగుల వెడల్పుది సూచించాను.

ఆయన థాంక్స్ చెప్పాడు. మర్నాడు "ఇంకొక్క సందేహం" అంటూ మళ్లీ రాశాడు. వెనకదేనా, ముందుది కాదా? నేను మళ్లీ రాశాను. రెండు రోజులాగి మళ్లీ ఆయనే, మా ఆవిడ ముందుది అంటోంది, మీరేమంటారు? కంకర లేచి యంత్రంలో పడుతుందేమో, మీరేమంటారు? అడుగున పాదాల్లాంటి ఇనుప పలకలుంటాయి, వాటిని కాస్త కిందికి దించి బిగిస్తే యంత్రం కంకరకి తగలకుండా పైకి ఉంటుందని రాశాను. బాగుంది అన్నాడు, మళ్లీ అడిగాడు, వెనకదేనా? దసరా వెళ్లింది, దీపావళి వచ్చింది. పొద్దున్నే ఆయన పేరు తెరమీద కనబడితే నాకు పళ్లు నూరుకోవాలనిపించేది.

ఒకరోజు మేనేజరు పిలిచాడు. బన్సీలాల్‌పేట్‌లో పుట్టి పెరిగినవాడు, నాకంటే రెండేళ్లు పెద్ద.

"ఏందండీ ఇది? ఆ పెద్దాయన ఇంజన్‌కు ఆరడుగులది చెప్పిన్రట. అక్కడి మెకానిక్ మీ మెయిల్ చూసి నవ్విండట. షాపాయన నన్ను కడిగిపారేసిండు."

"ఫారంలో ఉన్న హార్స్‌పవరే చూశానండీ."

"మరి తప్పు ఏడున్నది?"

"నాకు తెలీదు."

"నాకు సుత తెల్వది," అన్నాడు నిజాయితీగా. "ఆఫీసుల ఎవరికన్నా తెలుసా?"

ఇరవైమందిమి ఉన్నాం. ఒక్కరం కూడా ట్రాక్టరు ఎక్కినవాళ్లం కాదు.

నేనుండేది అల్వాల్‌లో. బస్సు దిగేచోట ఒక ట్రాక్టరు రిపేరు షెడ్డుంది. శివారులోని ద్రాక్షతోటల్లో తిరిగే చిన్న ట్రాక్టర్లు అక్కడికి వచ్చేవి. నాలుగేళ్లుగా దాని ముందునుంచే నడిచి, ఒక్కసారీ లోపలికి చూడలేదు. శనివారం మధ్యాహ్నం బొమ్మ ప్రింటు తీసుకుని వెళ్లాను. అరవై దాటిన మెకానిక్ గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకుని, బొమ్మని దూరంగా పట్టుకుని చూశాడు.

"ఏంది బిడ్డా ఇది? ఏం చేస్తది?"

"మంచుని లోపలికి లాక్కుని పక్కకి విసిరేస్తుంది."

"గంతేనా. మన రోటవేటర్ మట్టిని తిప్పినట్టే." పక్కనే ఒక చిన్న ట్రాక్టరు వెనక రోటవేటర్ తగిలించి ఉంది. దాన్ని తిప్పే ఇనుప షాఫ్ట్ మీద చెయ్యి వేశాడు. "ఇంజన్ల ఉన్న బలమంతా ఈడికి రాదు. మధ్యల జెర జెర పోతది. ఈ షాఫ్ట్ కాడికి ఎంత మిగిల్తే గదే లెక్క. గది చూడకుంట పెద్దది కట్టినవనుకో, బండి గుర్రుమని బందయితది."

"ఎంత మిగులుతుందో ఎలా తెలుస్తుంది?"

"కంపెనోళ్ల కాయితంల రాసుంటది. చదువుకున్నోళ్లు, మీరే చూడాలె."

సిగ్గుపడి, ఇంకో మాట అడిగాను. దీన్ని రివర్సులో నడుపుతూ పని చేయిస్తే ఎలా ఉంటుందని.

"ఎనక్కా? గట్లెందుకు?"

"టైర్లు తొక్కకముందే మంచు తీసేయాలట."

"ఎక్కి కూసో. ఎనక్కి తిరిగి గా బ్లేడ్లను చూడు. నేనొచ్చేదాంక అట్లనే చూడు."

చున్నీ సర్దుకుని ఎక్కాను. ఒక చెయ్యి స్టీరింగు మీద ఉంచి, నడుము తిప్పి, మెడ తిప్పి చూస్తూ కూర్చున్నాను. ఆయన చాయ్‌కి పోయి నన్ను మరిచిపోయినట్టున్నాడు. కాసేపటికి మెడనరం పట్టేసింది. తిరిగొచ్చి, "ఇంకా చూస్తనే ఉన్నవా?" అన్నాడు. "సమజైందా? వయసు మీద పడ్డోళ్లకు మస్తు తక్లీఫ్ అయితది."

ఇంటికి మెడ వంకరపెట్టుకునే నడిచాను.

సోమవారం ఆ పెద్దమనిషికి రాశాను. తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఆయన ట్రాక్టరు కాగితాల్లో షాఫ్ట్ దగ్గరికి వచ్చే బలం వెతికి, ఆరడుగులది వద్దన్నాను. చివర ఫారంలో లేని ప్రశ్న ఒకటి రాశాను. మీ దారి పొడవుకి చాలాసేపు వెనక్కి తిరిగి చూస్తూ నడపాలి, మీ మెడ అందుకు సహకరిస్తుందా?

మొదటిసారి ఆయన దగ్గరినుంచి చిన్న జవాబు వచ్చింది. మెడకి ఆపరేషనైందట, లోపల ఇనుప పలక ఉందట, ఎడమవైపు అసలు తిరగదట. బస్సు మానేసింది కూడా అందుకేనట. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదన్నాడు.

అది చదివి నాకు జాలి వెంటనే కలగలేదు. ఒళ్లు మండింది. రెండు నెలలు కంకర గురించి, చెట్ల గురించి, వాళ్లావిడ అభిప్రాయం గురించి రాసిన మనిషి తన మెడ సంగతి దాచాడు. జాలి మధ్యాహ్నం అన్నం తింటుంటే వచ్చింది. ముందుది తీసుకోమని ఎవరైనా చెబుతారేమో, తన మెడ సంగతి చెప్పకుండానే గట్టెక్కుతానేమో అని అన్నిసార్లు అడిగాడన్నమాట. నేను ప్రతిసారీ వెనకదే అన్నాను.

ఫారంలో ఆ ప్రశ్న చేర్చమని మేనేజరుని అడిగాను.

"వద్దండీ. అమెరికోళ్లను ఆరోగ్యం గురించి అడిగితే కేసులేస్తరు."

"అడక్కపోతే తప్పు సలహా చెబుతాం కదా?"

"చెప్దాం. గానీ కేసుండదు."

ఆయనతో వాదించే ఓపిక నాకు లేకపోయింది. ఆ తరవాత ఆ ప్రశ్న ఫారంలో కాకుండా, మెయిలు చివర నా సొంత మాటగా రాసేదాన్ని. ఎవరూ కేసు వెయ్యలేదు. కొందరు మోకాళ్ల గురించి కూడా రాసేవారు.

పెద్దమనిషి ట్రాక్టరుకి అడుగున ఇంకో షాఫ్ట్ ఉందని తేలింది, అంటే ముందువైపు బిగించుకోవచ్చు. టైర్ల వెడల్పు దాటేటంత, ఇంజను మొయ్యగలిగేటంత చూసి ఒకటి చెప్పాను. ఈసారి మారుమాట లేకుండా కొన్నాడు. నేను ఆఫీసులో అందరికీ సమోసాలు తెప్పించాను.

డిసెంబరులో ఫోటోతో మెయిలు వచ్చింది. దారంతా శుభ్రంగా ఉంది. ఆయన మాత్రం కనుబొమలనుంచి గడ్డం దాకా తెల్లగా, కళ్లద్దాల మీద మంచు గడ్డకట్టి, బండి మీద కూర్చుని ఉన్నాడు. యంత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోందట. కానీ ఎదురుగాలి వీస్తే విసిరిన మంచంతా తిరిగొచ్చి మొహాన పడుతోందట. వెనక తగిలించేదైతే ఇంత పడేది కాదని పక్కింటాయన అంటున్నాడట.

"మీరు గాలి గురించి నన్ను అడగలేదు," అని రాశాడు.

మేనేజరుకి చదివి వినిపించాను. ఆయన తల పట్టుకుని, "బండికి అద్దాల క్యాబిన్ ఉంటదా?" అన్నాడు.

"నాలుగు రకాలు."

"ఏది కావాలని ఆయనను అడగకుండ్రి. మీరే ఒకటి చెప్పేయుండ్రి."

అప్పటికే పెద్దమనిషి రెండో మెయిలు వచ్చేసింది. క్యాబిన్ గుడ్డదా, గట్టి అద్దాలదా, మీరేమంటారు?