టీవీలో అమ్మాయి కోసం ప్రార్థన

రాజోలు దగ్గర మా అత్త ఉండే పేటకి మొదటి టీవీ ఆవిడ ఇంటికే వచ్చింది. అత్త ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. ఎవరొచ్చినా క్లాసులో కూర్చోబెట్టినట్టు వరసగా చాప మీద కూర్చోబెట్టేది. సీరియల్ హిందీలో వచ్చేది. హిందీలో పాసు మార్కులు తెచ్చుకున్నవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే. అందుకని మాటలన్నీ తెలుగులోకి మార్చే బాధ్యత నా మీద పడింది. నాకు అర్థమైనంతవరకు చెప్పేవాణ్ణి. అర్థం కానిచోట ఇంకా బాగా చెప్పేవాణ్ణి.

కథ పెద్దదేం కాదు. మేడ ఉన్న ఇంట్లో ఒక కోడలు. ఆ ఇంట్లో ఎవరికి కోపం వచ్చినా మెట్లెక్కేవారు, బాధ కలిగితే దిగేవారు. "వీళ్ళకి కాళ్ళనొప్పులు రాకుండా ఉంటే కథ ముందుకెళ్తుందండి" అనేవాణ్ణి. పక్కింటి మామ్మగారికి మాత్రం మెట్లతో పనిలేదు. ఆవిడ దిగులంతా భోజనాల గురించే.

"చూసేరా, మళ్ళీ కంచం ముందు నుంచి లేచిపోయేడు. వారం వారం ఇదే వరసండి. ఒక్కడైనా పెరుగన్నం దాకా ఉన్నాడా ఆ ఇంట్లో?"

"పెరుగన్నం దాకా ఉంటే టైము చాలదు మామ్మగారండీ."

"నువ్వూరుకోవయ్యా. అన్నం పారేసుకునే కొంప అది. పిల్లని ఎవరిచ్చేరో గాని!"

ఆ పిల్లని మొగుడు అందరి ముందూ "మీ పుట్టింటికి పో" అన్నాడు. ఆమె పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. అప్పటినుంచి మా గదిలో సీరియల్ రెండు చోట్ల నడవడం మొదలుపెట్టింది. ఎందుకంటే అత్త కూతురు, మా వదిన, సరిగ్గా ఆ మాటే అనిపించుకుని తాటిపాక అత్తారింటి నుంచి వచ్చేసి రెండు నెలలైంది. వదిన మొగుడు, నాకు అన్నయ్య వరస, తిరిగి చూడలేదు. వదిన వెళ్తాననీ అనలేదు. తల్లీ కూతుళ్ళు ఆ సంగతి తప్ప మిగతావన్నీ మాట్లాడుకునేవారు. ఆదివారం గుడి దగ్గర, అంటే చర్చి దగ్గర, "అమ్మాయి ఇంకా ఇక్కడే ఉందాండీ?" అని ఎవరైనా అడిగితే అత్త పాటల పుస్తకంలో పాట వెతుక్కునేది.

కూతురితో అనలేనిది అత్త టీవీతో అనేది. "మొగుడన్నాక ఓ మాటంటాడు. అంతమాత్రానికి పెట్టె సర్దేసుకోవడమేనా?" అని తెరకేసి గట్టిగా అనేది. వంటింట్లో వదిన కొబ్బరి కోరే చప్పుడు కాస్త పెరిగేది. ఆ వారం కూర బాగా కమ్మగా ఉండేది.

వారానికొకసారి అత్త ఇంట్లో ప్రార్థన కూడిక జరిగేది. పాస్టరు అయ్యగారు వచ్చి బైబిలు వాక్యం చెప్పి, ప్రార్థన అంశాలు అడిగేవారు. ఒకరు జ్వరం గురించి, ఒకరు పరీక్ష గురించి, ఒకరు ఈనబోయే గేదె గురించి చెప్పుకునేవారు. అది సీరియల్ రోజు కూడా కావడంతో జనం ఆ మధ్య బాగా పెరిగారు. భక్తి పెరిగిందని అయ్యగారు సంతోషించారు. ఆయన్ని నిరాశపరచడం మాకెవరికీ ఇష్టం లేకపోయింది.

ఆ సాయంత్రం అత్త చెంగు సర్దుకుని అంది: "ఒక అమ్మాయి గురించండి అయ్యగారండీ. పుట్టింట్లో ఉండిపోయింది. మనసు మార్చుకుని తనంతట తను అత్తారింటికి వెళ్ళాలని."

గదంతా నేల చూపులు చూసింది. అయ్యగారు మెల్లగా అడిగారు: "ఏ అమ్మాయండీ?"

అత్త తడబడింది. వంటింటి వైపు చూసింది. "టీవీలో అమ్మాయండి" అంది.

"ఆయ్, నాకూ అదే బెంగండి" అన్నారు మామ్మగారు.

నేను ఊరుకోలేదు. "అయ్యగారండీ, వచ్చేవారం ఆ అమ్మాయేం చేస్తుందో బొంబాయిలో ఎప్పుడో షూటింగు చేసేసి డబ్బాలో పెట్టేసేరండి. ఇప్పుడు ప్రార్థన చేసినా ఆలస్యమేనండి."

అయ్యగారు నవ్వు ఆపుకుని, "లేని మనుషుల కోసం ఎలాగండీ టీచరుగారూ?" అన్నారు.

"మరి మొన్నాదివారం మీరు ఉపమానం చెప్పి మా అందర్నీ ఏడిపించేరు కదండీ, ఆ ఉపమానంలో మనుషులు ఎక్కడున్నారండి?" అంది అత్త.

అయ్యగారు బైబిలు పేజీలు తిప్పారు. అంతలో వంటింటి గుమ్మంలోకి వదిన వచ్చి నిలబడింది. చేతికింకా కొబ్బరికోరు అంటుకునే ఉంది.

"నాదీ ఒక అంశం ఉందండి. ఆ అమ్మాయి తనంతట తను వెళ్ళకూడదని ప్రార్థన చెయ్యండి. పొమ్మన్న మనిషే వచ్చి పిలవాలండి."

ఒకే ఇంటి నుంచి ఎదురెదురుగా రెండు అంశాలు రావడం అయ్యగారి సేవలో అదే మొదలేమో! ఆయన కళ్ళు మూసుకుని, పొమ్మన్నవాళ్ళకి వచ్చి పిలిచే మనసునీ, పిలుపు వచ్చేదాకా ఆ బిడ్డకి నిబ్బరాన్నీ దయచెయ్యమని ప్రార్థించారు. అందరం ఆమెన్ అన్నాం. అత్త ఆమెన్ మా అందరి తర్వాత, ఒంటరిగా వినిపించింది.

టీవీ పెట్టారు. అయ్యగారు గొడుగు చేతిలో పట్టుకుని, వెళ్ళిపోతున్నవారిలాగే కూర్చుని చూశారు. వానలో కోడలు పెట్టె పట్టుకుని తనే తిరిగి వచ్చింది. మెట్ల మీద మొగుడి కాళ్ళు పట్టుకుంది. అతను చాలా ఉదారంగా పైకి లేపాడు. "క్షమించేనంటున్నాడండి" అని తెలుగు చేశాను. ఎందుకు క్షమించాడో హిందీలో కూడా చెప్పలేదు.

అత్త లేచి టీవీ కట్టేసింది.

"అయ్యో, సగంలో కట్టేసేవేంటమ్మా!" అన్నారు మామ్మగారు.

"ఇంకేముందండీ చూడ్డానికి? పిలవకుండా వెళ్ళింది. రేపు మళ్ళీ పొమ్మంటాడు. ఇది రాసినాయనకి ఆడపిల్లలు లేరనుకుంటానండి."

వదిన వచ్చి చాప మీద తల్లి పక్కన కూర్చుంది. ఆ తర్వాత ఆదివారం గుడి దగ్గర ఎవరో మళ్ళీ అడిగారు. "ఆయ్, ఇక్కడే ఉందండి. మా అమ్మాయి కదండీ" అంది అత్త, పుస్తకం తెరవకుండానే.

అన్నయ్య తొలకరి వానలకి వచ్చాడు. అత్త మర్యాదగా కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, "ఏ పని మీద వచ్చేరు బాబూ?" అంది.

"తీసుకెళ్దామనండి."

"నన్ను కాదండి. అదిగో, దాన్నడగండి."

అన్నయ్య నా వైపు చూశాడు. నేను కుర్చీ జరుపుకుని, నాకు బాగా కనిపించేలా కూర్చున్నాను. గొంతు రెండుసార్లు సవరించుకుని, వస్తావా అని వదినని అడిగాడు పాపం. వదిన చేతులు కొంగుకి తుడుచుకుంది.

"మీవాళ్ళ ముందే కదండీ పొమ్మన్నారు. వాళ్ళనీ తీసుకుని ఆదివారం రండి, అప్పుడు చెప్తాను. ఈలోగా అన్నం తినెళ్ళండి."

"ఆయ్" అని తలూపాడు అన్నయ్య.