మా వ్యాన్‌లో పుట్టిన వార్త

మా విమానాల కంపెనీ మునుగుతుందో నిలుస్తుందో పెద్దల మీటింగుల కంటే ముందు మా వ్యాన్‌లోనే తేలిపోయేది. పొద్దున్నే వికారాబాద్‌లో బయలుదేరి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు పోయి, సాయంత్రం మళ్లీ వెనక్కి తెచ్చే వ్యాన్ అది. కంపెనీ ఇచ్చిందేం కాదు, ఈ వైపు నుంచి వెళ్లే మేమంతా కలిసి కిరాయికి మాట్లాడుకున్నది. నేను చెక్-ఇన్ కౌంటర్‌లో కూర్చునే మనిషిని. వ్యాన్‌లో కడుపులో తిప్పుతుందని డ్రైవర్ పక్క సీటు నాకు ఇచ్చారు. విమానాల కంపెనీలో పనిచేసేదానికి వ్యాన్ పడకపోవడమేమిటని అందరూ ఆటపట్టిస్తారు. పట్టించనీ, సీటు మాత్రం వదలను.

నా వెనక ఇద్దరు కూర్చుంటారు. ఒకాయన తాండూరు నుంచి రైల్లో వచ్చి వికారాబాద్‌లో మా వ్యాన్ ఎక్కే భాయ్. విమానంలో ఏ వైపు ఎంత బరువు ఉండాలో లెక్కగట్టడం ఆయన పని. రెండో అతనిది తాండూరు పక్కనున్న యాలాల్. సామాను విమానంలోకి ఎక్కించే జట్టుకు పెద్ద. నాకంటే చిన్నవాడు, తమ్మీ అని పిలుస్తాను. వాళ్ల నాన్న ఇప్పటికీ గొర్రెల మంద కాస్తాడు. మందలో ఏ గొర్రెకు ఒంట్లో బాగాలేదో నాన్న దూరం నుంచే చెప్తాడట. విమానాల సంగతి తనూ అట్లాగే చెప్పగలనని మా తమ్మి నమ్మకం.

కంపెనీ పరిస్థితి బాగాలేదని మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడమే మాకు మొదటి ఆనవాలు. తర్వాత ప్రయాణికులకు ఇచ్చే నీళ్ల సీసా చిన్నదైంది. బోర్డింగ్ పాసు కాగితం పల్చబడింది. మాకు రావాల్సిన కొత్త యూనిఫాం రాలేదు. ఇలాంటివన్నీ ఏరుకుని మన్నెగూడ దాటేలోపు ఒక నిర్ణయానికి వచ్చేవాళ్లం, చేవెళ్ల రాకముందే దాన్ని మార్చుకునేవాళ్లం.

ముంబైలో కూర్చునే కొత్త పెద్దసారు అంతకుముందు బిస్కెట్ల కంపెనీ నడిపాడని విన్నాం. దాంతో మాకు వారం రోజులకు సరిపడా మేత దొరికింది.

"బిస్కెట్ ప్యాకెట్ చిన్నగ జేసి అదే ధరకు అమ్మినట్టు, గీయన విమానాలు గూడ చిన్నగ జేస్తడు" అన్నాడు తమ్మి. "పెద్దయి వాపస్ ఇచ్చి చిన్నయి తెస్తడు. సూడుండ్రి, మన తాండూరుల గూడ దిగుతది ఒకటి."

"తాండూరుల యాడ దించుతవ్ రా? నాపరాళ్ల మీదనా?" అన్నాను.

"ఫికర్ చెయ్యకు అక్కా" అన్నాడు భాయ్. "గీళ్లు నడపనీకి రాలే, అమ్మనీకి వచ్చిన్రు. ఇల్లు అమ్మేముందు సున్నం ఏస్తరు గదా. సున్నం ఏసిన రోజు సమజ్ చేసుకోవాలె."

డ్రైవర్‌కు మా కంపెనీతో సంబంధమే లేదు, అయినా అతనికీ ఒక అభిప్రాయం ఉండేది. అన్నదమ్ముల కొట్లాట అయి ఉంటుందనేవాడు. ఏ సంసారం చెడినా అతను చెప్పే కారణం అదొక్కటే.

నిజం చెప్పాలంటే ఆ రోజులు మాకు హాయిగానే గడిచాయి. విమానాలు తగ్గాక అందరికీ ఒకే రోజు సెలవు దొరకడం మొదలైంది. ఇళ్లవాళ్లతో కలిసి అనంతగిరి గుట్ట ఎక్కేవాళ్లం. భాయ్ భార్య బగారా అన్నం తెచ్చేది, నేను జొన్నరొట్టెలు, పల్లీల తొక్కు తీసుకెళ్లేదాన్ని. పిల్లలు కోతుల వెంట, కోతులు మా డబ్బాల వెంట పడేవి. తిన్నాక దుప్పటి మీద ఒరిగి మళ్లీ అదే ముచ్చట. మా ఆయనైతే, వీళ్లనే పెద్ద కుర్చీల్లో కూర్చోబెడితే కంపెనీ ఈపాటికి బాగుపడేది, లేదా ఇంకా ముందే మూతపడేది అని నవ్వేవాడు.

నవ్వులాట ఆగిపోయింది మా మేనమామ ఫోన్‌తో. ఆయన తాండూరులో ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో ఎప్పటి నుంచో పనిచేస్తున్నాడు. వచ్చిపోయేవాళ్లను చూసుకునే జాగా ఒకటి ఖాళీ అయిందట, నా గురించి చెప్పి ఉంచాడట.

"రైలెక్కితే తాండూరు ఎంత దూరం బిడ్డా! పొద్దుగూకక ముందే ఇంటికి చేరుతవ్. గా మునిగే పడవల ఎందుకు కూసుంటవ్? ఈ వారంల ఏదో ఒకటి చెప్పు."

ఆ వారం నాకు తిండి సహించలేదు. రెండు నౌకరీల మీద నడిచే ఇల్లు మాది. కంపెనీ మూతపడితే ఈ వయసులో నన్ను ఇంకో కౌంటర్‌లో ఎవరు కూర్చోబెడతారు? తాండూరు నా పుట్టిల్లు, పని నీడపట్టున, ఫ్యాక్టరీ గట్టిది. వద్దనడానికి ఒక్క కారణమూ కనిపించలేదు. అయినా సరేనని చెప్పడానికి నోరు రాలేదు. మా ఆయన మాత్రం, నీ ఇష్టం అని ఊరుకున్నాడు. అలా అన్నప్పుడే నాకు మహా కోపం వస్తుంది.

సరిగ్గా అప్పుడే తమ్మి ఆ వార్త తెచ్చాడు. ఎయిర్‌పోర్టులో ఓ మూలన మా విమానం ఒకటి చాన్నాళ్లుగా కదలకుండా ఉంది. ఇంజన్లకు ఎర్ర గుడ్డలు కట్టి, కిటికీలకు కాగితాలు అంటించి, చూస్తేనే ఉసూరుమనిపించేది.

"అక్కా, ఎర్ర గుడ్డలు ఇప్పిన్రు!" అన్నాడు వ్యాన్ ఎక్కుతూనే. "నిచ్చెనలు ఏసిన్రు. ఇంజన్ల కాడ మస్తు మంది ఉన్నరు. గా బండి లేస్తున్నది!"

విమానం లేస్తుందంటే కొత్త రూటు వేస్తున్నారని, రూటు వేస్తున్నారంటే పైసలు పెట్టేవాడు ఎవడో దొరికాడని భాయ్ అప్పటికప్పుడు తేల్చాడు. సున్నం సిద్ధాంతం ఏమైందని ఎవరూ అడగలేదు. చేవెళ్లలో ఆపించి అందరికీ జిలేబీ తినిపించాడు. కడుపులో తిప్పుతుందన్న సంగతి మరిచిపోయి నేనూ తిన్నాను.

అయినా నేను తొందరపడలేదు. వ్యాన్ మాట వ్యాన్ మాటే, దాని మీద బతుకు పెట్టకూడదన్నపాటి తెలివి నాకుంది. రెండు రోజులాగాను. మూడో రోజు పొద్దున డ్యూటీ మొదలయ్యేముందు మా మేనేజర్ సార్ అందరినీ నిలబెట్టి చెప్పాడు: మూలనున్న విమానం తొందరలోనే మళ్లీ ఎగురుతుంది, పైనుంచి సమాచారం వచ్చింది. భాయ్ నావైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. ఇంకేం కావాలి? మధ్యాహ్నం అన్నం వేళకు మామకు ఫోన్ చేసి, రానని చెప్పేశాను.

"జర సోంచాయించు బిడ్డా" అన్నాడు మామ.

"సోంచాయించినంకనే చెప్తున్న మామా. మావోళ్లు విమానాలు పెంచుతున్నరు" అన్నాను, ఆ విమానాలన్నీ నావే అయినట్టు.

మరుసటి వారం తమ్మి వ్యాన్ ఎక్కి కళ్లు మూసుకుని కూర్చున్నాడు. మన్నెగూడ దాటాక అడిగితే చెప్పాడు. ఆ విమానం ఇంజన్లు రెండూ ఊడదీశారు. ఎగిరే విమానం ఒకటి పాడైతే దానికి బిగించడానికి తీసుకుపోయారు. విమానం ఒరిగిపోకుండా ఇంజన్లు ఉండే చోట బరువులు వేలాడదీశారట. చేవెళ్లలో జిలేబీ కొట్టు వస్తే నేను తల అటు తిప్పుకున్నాను. పైనుంచి వచ్చిన సమాచారం అబద్ధమెట్లా అవుతుంది, అందులో ఏదో మర్మం ఉంటుందని భాయ్ ఇంకా వాదిస్తూనే ఉన్నాడు.

ఆ మర్మం ఒక పొద్దున చేవెళ్ల దగ్గర చెయ్యెత్తి మా వ్యాన్ ఆపింది. మేనేజర్ సార్ ఇల్లు అక్కడే. ఖర్చులు తగ్గించాలని ఆయనకు కంపెనీ ఇచ్చిన కారు తీసేశారట, ఈరోజు నుంచి నేనూ మీతోనే అన్నాడు. మర్యాదకు ముందు సీటు ఇవ్వాలని అందరూ నావైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. ఆయన వెనక్కి వెళ్లి భాయ్ పక్కన సర్దుకున్నాడు. అంతే, అందరూ ఫోన్లలో తలలు దూర్చారు. అలా రెండు మూడు రోజులు గడిచాక ఆయనే విసుగుపడ్డాడు.

"ఏందండీ, బండిల మస్తు ముచ్చట్లు నడుస్తయంటే ఎక్కిన. ఒక్కరు మాట్లాడరేంది? పైన ఏం నడుస్తుందో నాకు ఎవరు చెప్పాలె?"

"మీకే గదా సార్ పైనుంచి సమాచారం వచ్చేది" అన్నాను. నా గొంతులో ఉన్న ఉక్రోషం నాకే వినిపించింది. "గా మూలకున్న విమానం లేస్తదని మీరే చెప్పిన్రు."

ఆయన ఆశ్చర్యపోయాడు. "అరె, గా ముచ్చట లేపిందే మీ వ్యానోళ్లు గదా! క్యాంటీన్ల మీ లోడర్లు అనుకుంటుంటే విన్న. పై సార్‌కు ఫోన్ జేసి, గా బండి లేస్తుందట గదా సార్ అన్న. ఆయనకు తెల్వదని ఎట్ల చెప్తడు? అవును, పని నడుస్తుంది అన్నడు. అదే వచ్చి మీకు చెప్పిన."

భాయ్ "యా అల్లా" అని పగలబడి నవ్వాడు. డ్రైవర్ బండి పక్కకు ఆపి మరీ నవ్వాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. మేం వండిందే మాకు వడ్డించారు. దాన్ని నమ్మి నేను నౌకరీ కాలదన్నుకున్నాను. ఆ మాట పైకే అనేశాను.

సార్ తలవంచుకుని మెల్లగా అన్నాడు. "నేను గూడ గదే నమ్మి బెంగుళూరుల వచ్చిన నౌకరీ ఇడిసిపెట్టినమ్మా."

అప్పుడు నాకూ నవ్వొచ్చింది. ఏడుపు కలిసిన నవ్వు. ఆ రోజు నుంచి సార్ కూడా మాలో ఒకడయ్యాడు. మాకంటే ఆయన ఊహలే అధ్వాన్నం.

ఆ నెలలోనే మామ మళ్లీ ఫోన్ చేశాడు. పెట్టుకున్న మనిషి రానన్నాడట, ఆ జాగా మళ్లీ ఖాళీగానే ఉందట. ఈసారి ఇంటికి వచ్చి చెప్పమన్నాడు.

ఫోన్ వచ్చిన మర్నాడు మర్పల్లి వైపు ఆడవాళ్ల గుంపు ఒకటి నా కౌంటర్‌కు వచ్చింది. కాశీ పోతున్నారు. అందరికీ అదే మొదటి విమానం. బోర్డింగ్ పాసు ఇస్తే ఒక పెద్దమ్మ రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకుంది. సంచిలో పెట్టుకో అమ్మా, అటు గేటు దగ్గర చూపించాలి అన్నాను. నా చెయ్యి పట్టుకుని, నువ్వు గూడ మాతోని వస్తున్నవా బిడ్డా అని అడిగింది. రానంటే ఆమె ముఖం చిన్నబోయింది. వాళ్లందరినీ లోపలికి పంపే గేటు దాకా నడిచి వెళ్లాను. అది నా పని కాదు. వెనక్కి వస్తుంటే తెలిసింది, వ్యాన్‌లో ఎవరో ఒకరు కంపెనీ నిలుస్తుందని చెప్పాలని నేనెందుకు అంత ఆశగా చెవులు రిక్కించేదాన్నో. నాకీ పనంటే ఇష్టం. ఇన్నేళ్లలో ఆ మాట ఎవరితోనూ అనలేదు, నాతో నేను కూడా.

సెలవు రోజు తాండూరు వెళ్లాను. మామ మంచం మీద కూర్చున్నాడు, అత్త నా ముందు చాయ్ పెట్టింది.

"మామా, నేను రాను."

"మళ్ల విమానాలు పెంచుతున్నరా?"

"లేదు. ఉన్నయే తగ్గుతున్నయి. మా మేనేజర్‌కు గూడ ఏం తెల్వదు."

"నిలుస్తదని ఎవరన్న చెప్పిన్రా మరి?"

"ఎవ్వరు చెప్పలే. నిలిచినన్ని రోజులు నేను ఆడనే ఉంట మామా. నాకు గా పని మంచిగనిపిస్తది."

కోప్పడతాడని చూశాను. మామ మంచం మీద నావైపు జరిగాడు.

"అయితే ఒక పని జెయ్యి. అది మూతపడకముందే నన్ను, మీ అత్తను ఒక్కసారి ఎక్కియ్యి."

నేను సరే అనేలోపే, కిటికీ పక్క సీటు ఎవరిదని వాళ్లిద్దరూ కొట్లాట మొదలుపెట్టారు.