షంషున్నీసా కేబుల్లో ఆగని మాట

చైనాలో ఇంటర్నెట్ మీద కత్తెర పట్టుకుని వేలమంది కూర్చుంటారని పత్రికల్లో చదువుతుంటాం. మోత్కూర్‌లో ఆ పనికి షంషున్నీసా ఒక్కతే చాలింది. 1994లో ఆమె దగ్గరున్నవి నూట నలభై కేబుల్ కనెక్షన్లు, ఒక వీసీఆర్, ఒక పాత కెమెరా, ఒక స్విచ్చు.

కేబుల్ పెట్టింది ఆమె భర్త లతీఫ్, రేడియో మెకానిక్. అతను కామెర్లతో పోయాక, గడప దాటకుండా ఉండాల్సిన ఇద్దత్ గడువు తీరిన మర్నాడే ఆమె మిషన్ల ముందు కూర్చుంది. స్తంభాలెక్కి వైర్లు కట్టే పని తమ్ముడు రజాక్‌ది. ఊరి పెద్దలు సంతోషించారు. ఆడమనిషి, నమాజు తప్పనిది, సినిమాల్లో పాడు పాటలొస్తే తీసేస్తుంది అని గుడి కమిటీ, మసీదు కమిటీ ఒక్క మాట మీదికొచ్చాయి. ఆ రెండూ ఏకమైన సందర్భం ఇంకొకటి లేదు.

షంషున్నీసాకు నీతుల గొడవ పెద్దగా పట్టదు. కనెక్షన్లు పోకూడదు, ఇద్దరు ఆడపిల్లల బడి ఆగకూడదు, అంతే. హీరోయిన్ వానలో తడవడం మొదలుకాగానే స్విచ్చు నొక్కేది. సినిమా మాయమై, కెమెరా ముందు నిలబెట్టిన పలక కనబడేది. దాని మీద సుద్దతో "జరసేపు ఆగుండ్రి" అని రాసి ఉండేది.

మొదటి వారమే పద్మశాలి వాడ నుంచి సీతారాములు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గుంటమగ్గం మీద నేసే మనిషి. ఇంట్లో టీవీ అతని వీపు వెనక ఉంటుంది.

"ఆపా, బొమ్మ తీస్తె తియ్యి, నేనెట్లాగు సూడ. పాటెందుకు తీస్తున్నవ్? పాట మీదనే నా చెయ్యాడుతది. నువ్వు స్విచ్చొత్తినప్పుడల్లా మగ్గం ఆగుతాంది."

"గా పాటలు ఇంటె పాపం గాదా, అన్నా?"

"అయితె నాకే గద! నడుమ నీకేం ఫికరు?"

వాడలో అరవై మగ్గాలున్నాయి. రజాక్ ఆ రోజే వైర్లు మార్చి, బొమ్మ వైరును మాత్రమే స్విచ్చుకు కలిపాడు. అప్పటినుంచి బొమ్మ ఆగినా పాట సాగేది. పలక కనబడగానే ఊరంతా టీవీ సౌండు పెంచడం అలవాటైంది. దాచారంటే అక్కడేదో ఉందన్నమాట. పెద్దలకు తప్ప అందరికీ ఈ సంగతి అర్థమైంది.

మరుసటేడు ఎండాకాలంలో రాజం అనే కాంట్రాక్టరు బస్టాండు దగ్గర బోరు వేయించాడు. వార్డు మెంబరుగా నిలబడాలని అతని ఆలోచన. ఆరోగ్య కార్యకర్త నిర్మలమ్మ ఆ నీళ్లు సీసాలో పట్టి పరీక్షకు పంపితే, ఫ్లోరైడు ఎక్కువ, తాగడానికి పనికిరావని కాగితం వచ్చింది. వంకర తిరిగిన కాళ్లు ప్రతి ఊళ్లో కనబడే నల్లగొండ జిల్లాలో ఆ మాటకు వివరణ అక్కర్లేదు.

నిర్మలమ్మ కాగితం పట్టుకుని వచ్చింది. "ఇంటింటికి తిరిగి చెప్పాల్నంటె నెల పడుతది అక్కా. నీ టీవీల చెప్తె?"

కెమెరా ముందు కూర్చోబెట్టి ఆమె మాటలు టేపు మీద ఎక్కించారు. మర్నాడు సాయంత్రం సినిమాకు ముందు షంషున్నీసా దాన్ని వేసింది. రెండు నిమిషాలు ఆడిందో లేదో, రాజం చెప్పులతోనే లోపలికి వచ్చాడు.

"ఏం ఆపా, నా బోరు మీద పడ్డవేంది?"

"నేను పడలే. పరీక్ష కాగితమే గట్ల వచ్చింది."

"కాగితం ముచ్చట నీకెందుకు? నీ వైర్లన్ని కరెంటు స్తంభాల మీదనే ఉన్నయి. దేనికన్న పర్మిషనున్నదా? రేపు మావోళ్లు కోసిపారేస్తె ఎవలకు చెప్పుకుంటవ్? తియ్యి, గా బొమ్మ తియ్యి!"

అతనన్నదాంట్లో అబద్ధం లేదు. ఆ వైర్లు తెగితే ఆమె పొయ్యి ఆరుతుంది. షంషున్నీసా స్విచ్చు నొక్కింది. గదిలో ఉన్న టీవీకి ఎప్పుడూ సౌండు ఉండదు. పలక కనబడేసరికి రాజం నెమ్మదించి, టేపు అయిపోయేదాకా కదలనని కుర్చీలో కూర్చున్నాడు. నూట నలభై ఇళ్లలో నిర్మలమ్మ గొంతు మాత్రం వినబడుతూనే ఉంది.

నొక్కింది అలవాటు కొద్దీనే. నొక్కాక ఆమెకు గుర్తొచ్చింది. మాట వైరు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. ఆమె ఆ చేత్తో రాజానికి చాయ్ పోసింది.

చాయ్ సగమయ్యేలోగా సీతారాములు పరుగున వచ్చాడు. రాజాన్ని చూసుకోలేదు.

"ఆపా, బోరు నీళ్లు తాగితె బొక్కలు వంగుతయట గద! గింత అక్కెరున్న ముచ్చటకు పలకెందుకు పెట్టినవ్? ఏం పాడు పాటున్నదో అని ఊరంత సౌండు పెంచుకొని ఇన్నది!"

రాజం కప్పు కింద పెట్టాడు. "నువ్వు..."

"బొమ్మ తియ్యమన్నవ్. తీసిన," అంది షంషున్నీసా.

మర్నాడు పొద్దున రాజం మనుషులు బజారులో వైర్లు కోశారు. ఆడవాళ్లు పాత బావికి బిందెలు పట్టుకుపోతుంటే, షంషున్నీసా మిషన్లు బందు చేసి బియ్యం కడగడానికి లేచింది. బీడీలు చుట్టే పని దొరుకుతుందేమోనని పక్కింట్లో అడిగింది కూడా.

మూడో రోజు సీతారాములు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి, వైర్లు తమ ఇళ్ల మీది నుంచి లాక్కోమన్నాడు. ఇది ప్రజల చైతన్యమని రాసేవాళ్లు రాసుకోవచ్చు. మరునాడు ఆదివారం, సినిమా లేదు. వాళ్ల బాధ అది.

రజాక్ వైరు చుట్ట భుజానేసుకుని ఇంటి మీది నుంచి ఇంటి మీదికి లాక్కుంటూ పోయాడు. బజారు దాటి పద్మశాలి వాడకు చేరాలంటే మధ్యలో ఉన్న మిద్దె ఒకటే. అది రాజానిది. రజాక్ కింద నిలబడిపోయాడు. రాజం భార్య గుర్వమ్మ అరుగు మీద చాట పట్టుకుని ఉంది.

"ఏందిర రజాక్, గట్ల నిలవడ్డవ్?"

"అన్న ఏమంటడో అని, వదినె."

"ఏమంటడు? నాల్గు రోజులసంది ఆయన గూడ బాయినీళ్లే తాగుతాండు. ఎక్కు మిద్దె."